వల వేశారు, తీయడం మరవకండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి.

మా అమ్మాయి కాన్పుకు తొప్పూరు వచ్చింది. తొమ్మిదో నెలలో ఎడమ కాలు తొడ దాకా వాచింది. "కడుపుతో ఉంటే కాళ్ళు వాయవా? ఆముదం రాసి నీవితే పోతుంది" అంది మా అక్క. నేనూ సరేనన్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "రెండు కాళ్ళూ వాయాలి కదా, ఒక్కటే ఎందుకు వాచింది?" అంది. ఆ మాటే మా బిడ్డను కాపాడింది.

సేలంలో డాప్లర్ స్కాన్ తీశారు. తొడ సిరలో రక్తం గడ్డ కట్టింది. నీవి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. గర్భిణులకు ఇది ఎడమ కాలికే ఎక్కువ వస్తుంది. అక్కడి సిర మీదుగా ఒక ధమని అడ్డంగా పోతుంది, దానికి గర్భం బరువు తోడవుతుంది.

హెపారిన్ సూదులు మొదలుపెట్టారు. ఆ మందు మాయ దాటి బిడ్డకు చేరదు. వార్ఫరిన్ మాత్రలు చేరతాయి, అందుకే కడుపులో బిడ్డ ఉండగా ఇవ్వలేదు. అయితే కాన్పు దగ్గర పడింది. కాన్పు వేళ రక్తస్రావం భయంతో సూది ఆపాలి. ఆపితే గడ్డ భయం. అందుకని మెడ సిర గుండా సన్నని గొట్టం పంపి, గుండెకు పోయే పెద్ద సిరలో గొడుగు చువ్వల్లాంటి చిన్న వల పెట్టారు. అది గడ్డను కరిగించదు, పైకి పోకుండా ఆపుతుంది, అంతే. గడ్డ ఉన్న అందరికీ వల అక్కర్లేదు. చాలామందికి సూదులే చాలు.

కాన్పు సుఖంగా అయింది, మనవరాలు పుట్టింది. బారసాల సందడిలో వల సంగతి అందరం మరిచాం. మళ్ళీ రమ్మని మాకు ఎవరూ నోటితో చెప్పలేదు. ఫైల్లో పెట్టేముందు ప్రతి కాగితం చదవడం నా గుమాస్తా అలవాటు. డిశ్చార్జి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక్క లైను కనబడింది: వల తాత్కాలికం, తీయించుకోవాలి.

గుండె ఝల్లుమంది. ఎక్కువ కాలం ఉంటే దాని చువ్వలు విరగవచ్చు, సిరను గుచ్చవచ్చు, కాళ్ళలో కొత్త గడ్డలకూ కారణం కావచ్చు. అవసరం తీరగానే తీసేయాలని అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే డాక్టర్లకు హెచ్చరిక ఇచ్చింది. కాన్పయిన ఆరో వారంలో మాకూ తీశారు. మందు మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడింది. కాన్పు తర్వాత ఆరు వారాలు గడ్డ భయం ఎక్కువే.

మా ఆఫీసులో స్టోర్సు నుంచి సామాను ఇస్తే, తిరిగి వచ్చేదాకా రిజిస్టర్లో ఆ పద్దు మూసేవాళ్ళం కాదు. వల కూడా అంతే. పెట్టిన రోజే "ఎప్పుడు తీస్తారు?" అని అడిగి, తేదీ క్యాలెండర్లో రాసుకోండి. ఒక్క కాలే వాచినా, నొప్పి పెట్టినా నూనె రాయకండి, ఆసుపత్రికి పోండి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా మనవరాలు ఇప్పుడు పాకుతోంది.