ఏసీ కింద బెజవాడ

బెజవాడ ఎండల్లో, బందరు రోడ్డు మీదున్న పీవీపీ మాల్‌కి వెళ్లేవాళ్లంతా కొనడానికే వెళ్తారనుకుంటే పొరపాటే. చాలామందిది చల్లగాలి యావ. నాదీ అంతే. కొనాలంటే బీసెంట్ రోడ్డు ఉండనే ఉంది. అక్కడ బేరమాడితే వినే మనుషులున్నారు. మాల్‌లో ధర చీటీ మీద అచ్చయి ఉంటుంది. చీటీతో ఏం బేరమాడతాం?

నాకిష్టమైన చోటు ఎస్కలేటర్ పక్కన. మొన్నొక పెద్దావిడ కుచ్చెళ్లు గుప్పిట పట్టుకుని, కదిలే మెట్ల ముందు ఆగిపోయింది. “కుడికాలు పెట్టు అమ్మమ్మా” అన్నాడు మనవడు. “నేనేమన్నా కొత్తకోడల్నట్రా?” అంటూనే పెట్టేసింది. పైకెళ్లేదాకా వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.

సినిమా హాళ్లు, తిండి కొట్లు సాధారణంగా పై అంతస్తుల్లోనే పెడతారు, వచ్చేపోయే జనం దారిలో షాపులన్నీ చూడాలని. తెలివైన ఏర్పాటే, కాదనను. ఇంత లెక్క వేసినవాళ్లు చాలా మాల్స్‌లో కూర్చునే చోటు మాత్రం చూడరు. (కూర్చున్నవాడు కొనడు కదా, బహుశా అదీ లెక్కే.) మాల్స్ కట్టేవాళ్లకు ఒక మనవి: అంతస్తుకు నాలుగు బెంచీలైనా వేయించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లం కూడా డబ్బిచ్చే కొంటాం.