పామిడిముక్కల నుండి దివిసీమకు – ఒక చిన్న కెమెరాతో

ఉయ్యూరు దాటి, బందరు రహదారిని విడిచి లోపలికి మళ్లితే పామిడిముక్కల వస్తుంది. సంక్రాంతి సెలవుల్లో మేము అక్కడికి చేరేసరికి వరికోతలు ముగిశాయి. కుప్పలు పొలాల్లో గుడారాల్లా నిలిచి ఉన్నాయి. కోసిన మాగాణిలో మినుము పచ్చగా పరచుకుంది. ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకు మోసుకుపోయే ట్రాక్టర్లు దారి పొడవునా ఎదురయ్యాయి. విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద కాలువల్లోకి మళ్లిన కృష్ణమ్మ నీరే ఈ ప్రాంతానికి అన్నం పెడుతుంది. పక్కనున్న వీరంకిలాకు పేరులోనే కాలువ లాకు ఉంది.

ఈ ఊళ్లో మా నానీ ఉంటారు. వయసు ఎనభై దాటింది. రెండు నెలల క్రితం ఫోనులో ఆమె మమ్మల్ని ఒక కోరిక కోరారు. “బేటా, మా ఆపా ఇల్లు ఉండిన చోటును ఒక్కసారి చూడాలి. మీరు దానికి ఒక ఫొటో తీసి ఇవ్వాలి.”

నానీకి ఆపా అంటే తోడబుట్టిన అక్క. ఆమెను దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. 1977 నవంబరు 19, శనివారం నాడు వచ్చిన ఉప్పెనలో ఆమె, భర్త, పిల్లలు, ఇల్లు అన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఒక్క తుఫానులో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మా కుటుంబానికి ఆపా ఫొటో ఒక్కటి కూడా మిగలలేదు. అసలు తీయించనే లేదు. “ముఖం నాకు సగమే జ్ఞాపకం ఉంది. ఆ సగం కూడా నాతోనే పోతుంది” అన్నారు నానీ.

అప్పటివరకు మా ఇంట్లో సెల్‌ఫోను కెమెరాతోనే పని గడిచేది. ఆ కోరిక విన్నాక ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనాలని నిశ్చయించుకున్నాము. మా స్తోమత ఆరేడు వేల రూపాయలు మాత్రమే.

విజయవాడలో మేము మొదట వెళ్లిన దుకాణంలో, డబ్బా మీద అన్నింటికంటే పెద్ద అంకె ఉన్న కెమెరాను మా ముందు పెట్టారు. “14 మెగాపిక్సెళ్లు! ఇంతకు మించి ఏం కావాలి?” అన్నాడు అమ్మే కుర్రవాడు. మేము కాగితం మీద లెక్క వేసి చూశాము. ఆల్బములో పెట్టుకునే 4×6 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే 1200×1800, అంటే దాదాపు 22 లక్షల చుక్కలు. రెండు మెగాపిక్సెళ్లు దాటితే చాలునన్న మాట. గోడకు తగిలించే 8×10 ఫొటోకైనా 72 లక్షలు సరిపోతాయి. చిన్న కెమెరాలో వెలుతురును పట్టే ఫలకం చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒకే మడిలో నారును మరీ ఒత్తుగా నాటితే కంకులు సన్నబడినట్లు, ఆ గోరంత చోటులో చుక్కలు కిక్కిరిస్తే ఒక్కొక్కదానికి అందే వెలుతురు తగ్గుతుంది. పగలు తేడా తెలియదు. మగ్రిబ్ వేళ తీసిన ఫొటోలో ముఖాలు ఇసుక చల్లినట్లు కనిపిస్తాయి.

కాబట్టి మేము అంకెను పక్కన పెట్టి, వెళ్లబోయే చోటును తలచుకున్నాము. నానీ గది చిన్నది. అందులో పదిమంది బంధువులు కూర్చుంటే అందరూ పట్టాలంటే కటకం వెడల్పుగా చూడాలి. ఆ కొలత 35 ఉన్న కెమెరా కంటే 28 ఉన్నది మాకు ఉపయోగకరం. దూరంగా ఉన్న దానిని దగ్గరకు తెచ్చేందుకు ఆప్టికల్ జూమ్ మూడు రెట్లున్నా చాలు. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది తప్ప కొత్తగా ఏమీ చూపదు. చేయి వణికినా బొమ్మ చెదరకుండా చూసే ఏర్పాటు ఉండాలి. మెమరీ కార్డు ఎక్కడైనా దొరికే ఎస్‌డీ రకం కావాలి. అన్నింటికంటే ముఖ్యంగా, పెన్సిల్ సెల్స్‌తో నడిచే కెమెరా కావాలి. సముద్రపు ఒడ్డున బ్యాటరీ అయిపోతే చార్జరు పెట్టే చోటు ఎక్కడ దొరుకుతుంది?

రెండవ దుకాణంలో ఇవన్నీ ఉన్న పది మెగాపిక్సెళ్ల కెమెరా మా సొమ్ములోనే దొరికింది. కొనే ముందు దుకాణంలోని చీకటి మూలను ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి, పెద్దదిగా చేసి అంచులు చూశాము. వారంటీ కార్డు మీది సంఖ్య, కెమెరా అడుగున ఉన్న సంఖ్య ఒకటేనని సరిచూసుకొని రసీదు తీసుకున్నాము. మిగిలిన డబ్బుతో రీచార్జి చేసుకునే సెల్స్ నాలుగు కొన్నాము.

పామిడిముక్కలలో మొదటి రోజంతా కెమెరాతో పరిచయానికే సరిపోయింది. ఉదయపు మంచులో వరికుప్పలు చక్కగా వచ్చాయి. ఎండలో సున్నం కొట్టిన గోడ తెల్లని మచ్చలా మిగిలింది. సూర్యునికి ఎదురుగా నిలబెట్టి తీసిన పిల్లల ముఖాలు నల్లబడ్డాయి. పట్టపగలైనా సరే, ఫ్లాష్ తప్పనిసరిగా వెలిగేలా అమర్చి తీస్తే ముఖాలు తేరుకున్నాయి. అయితే ఆ వెలుగు మూడు మీటర్లు దాటి పోదు కనుక దగ్గరగా నిలబడాలి.

మధ్యాహ్నం మా తొమ్మిదేళ్ల పాప “కెమెరా ఎలా చూస్తుంది?” అని అడిగింది. నానీ గది తలుపులు మూశాము. పాత చెక్క తలుపులోని చిన్న రంధ్రం గుండా వాకిట్లోని ఎండ వచ్చి, ఎదుటి గోడ మీద వేపచెట్టును తలకిందులుగా చూపింది. పాప కేరింతలు కొట్టింది. వెయ్యేళ్ల క్రితం బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్ ఇలాంటి చీకటి గది ప్రయోగాలతోనే వెలుతురు నడకను వివరించారని చెప్పాము. ఉర్దూలో గదిని మనం ‘కమ్రా’ అంటాము. ‘కెమెరా’ అన్న మాట కూడా గది అన్న అర్థమిచ్చే ఆ లాటిన్ మూలం నుండే వచ్చింది. కెమెరా అంటే జేబులో పట్టే ఒక చీకటి గది.

అంతవరకు నవ్వుతూ చూసిన నానీ, కెమెరాను తనవైపు తిప్పబోగానే పైట సవరించుకొని చేయి అడ్డు పెట్టారు. “నాది వద్దు బేటా. మా అబ్బాజాన్ ఒప్పుకునేవారు కాదు.” ఫొటోల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. మేము వాదించలేదు. కెమెరా కొన్నవారికి ఎదుటివారిని ఫొటో తీసే హక్కు దానితోపాటు రాదు. వారి అనుమతి ఉండాలి.

మరునాడు ఫజ్ర్ ముగించుకొని బయలుదేరాము. మొవ్వ, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరాము. అక్కడ కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను తన చేతుల మధ్య పెట్టుకుంటుంది. సాగునీటి కాలువ నదిని దాటి సీమలోకి వెళ్లేది కూడా అక్కడే, అక్విడెక్టు మీదుగా. అవనిగడ్డ, కోడూరు దాటిన తరువాత చెట్లు పలుచబడి, రొయ్యల చెరువులు మొదలయ్యాయి. గాలిలో ఉప్పు తగిలింది. ఆ ఉప్పుగాలి, సన్నని ఇసుక కెమెరాకు శత్రువులు కనుక దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అవసరమైనప్పుడే బయటికి తీశాము.

పల్లెలో తుఫాను షెల్టరు కనిపించింది. కొత్త ఇళ్లు కనిపించాయి. పాతవి ఏవీ లేవు. ఒక వృద్ధుడు మమ్మల్ని తాటిచెట్ల వరుస దగ్గరకు తీసుకువెళ్లి, “సాయిబుల ఇల్లు ఇక్కడే ఉండేదమ్మా” అన్నారు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. నానీ చెప్పులు విడిచి చాలాసేపు నిలబడి, చేతులెత్తి దువా చేశారు. ఆ సమయంలో మేము కెమెరా తీయలేదు.

తరువాత ఫొటో తీయబోతే తెర నల్లబడింది. రాత్రి పిల్లలు ఆటగా తీసిన ఫొటోలకు సెల్స్ అయిపోయాయి. మిగతా జత నానీ ఇంట్లో చార్జరులోనే ఉండిపోయింది. పల్లెలోని చిన్న కిరాణా కొట్టులో గడియారానికి వేసే మామూలు పెన్సిల్ సెల్స్ రెండు దొరికాయి. అవి కెమెరాకు అయిదారు ఫొటోలకు మించి రావు. ఎంతో ఆలోచించి ఎంచుకున్న వస్తువు మా అజాగ్రత్త వల్ల దాదాపు వృథా అయ్యేది.

మొదటి ఫొటో తాటిచెట్లది. రెండవది గడ్డి మొలచిన ఆ నేలది. అప్పుడు నానీ మా పాపను పిలిచారు. “నువ్వు అక్కడ నిలబడు బేటీ. నీ నవ్వు మా ఆపాదే. పుట్టినప్పటి నుండి చూస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు.” పాప నిలబడింది. సూర్యుడు ఆమె వెనుక ఉన్నాడు. ముందురోజు నేర్చుకున్న పాఠం గుర్తుకు వచ్చి, ఫ్లాష్ అమర్చి, రెండు మీటర్ల దూరంలో నిలబడి తీశాము. ఆ తరువాత మరో రెండు ఫొటోలకు సెల్స్ చల్లబడ్డాయి.

తిరుగు ప్రయాణంలో మచిలీపట్నం వెళ్లి ఒక స్టూడియోలో ఫొటోలు వేయించాము. ఫారసీలో బందర్ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రేవు నుండి ఓడలు ఎర్రసముద్రం వరకు వెళ్లేవి. ఆ పట్టణాన్ని కూడా 1864 నవంబరు 1న ఉప్పెన ముంచి, సుమారు 30,000 మందిని బలిగొంది. ఈ తీరంలో ముఖాలు మాసిపోయిన ఆపాలు ఎందరో!

మూడవ ఫొటో ఇప్పుడు నానీ ట్రంకుపెట్టెలో, నమాజు చాదర్ మడతలో ఉంది. కెమెరా కొనదలచిన సోదర సోదరీమణులకు మా అనుభవంతో చెప్పగలిగేది కొద్దిగానే. డబ్బా మీది అంకెను చూడకండి. మీరు ఎవరి కోసం, ఏ చోట, ఏ వెలుతురులో ఫొటో తీస్తారో తలచుకొని కొనండి. మారు సెల్స్ జేబులోనే పెట్టుకోండి. తీసిన వాటిలో మంచివి కాగితం మీద వేయించండి. మీ ఇంట్లో కూడా సగమే గుర్తున్న ముఖం గురించి చెప్పగల పెద్దలు ఉంటే, కెమెరా కొనే వరకు ఆగకుండా ఇన్షా అల్లాహ్ ఈ వారమే వెళ్లి వారి పక్కన కూర్చోండి.