హెసరఘట్టలో ఒక పూట

బెంగుళూరులో రెండు మూడు తరాలుగా కాపురమున్న మన కుటుంబాలలో హెసరఘట్ట పేరు వినని వారుండరు. మా ముత్తాతగారి రోజులలో నగరంలో కుళాయి తిప్పితే వచ్చింది ఆ చెరువు నీరే. దివాన్ శేషాద్రి అయ్యరుగారి హయాములో, 1894లో, అర్కావతి నదికి అడ్డంగా ఆ కట్ట కట్టారు. 1896 నుంచి నీరు గొట్టాల ద్వారా నగరానికి వచ్చింది. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం, ఆ తరువాత కావేరి నీరు వచ్చేసరికి హెసరఘట్ట మరుగున పడింది. ఇంత తెలిసి కూడా, నలభై ఆరేళ్ళ వయసు వచ్చిన దాకా నేను ఆ వూరు చూడలేదు. చూచింది ఈ మధ్యనే. అదీ చెరువు కోసం కాదు, చేప పేను కోసం.

నవ్వకండి, విషయం చెబుతాను.

మా పెద్దక్కయ్యను కైకలూరు దగ్గర పల్లెకు ఇచ్చాము. బావగారు ఎనిమిదెకరాల చెరువు కౌలుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతారు. శీలావతి అంటే మనం మార్కెట్లో రోహు అని కొనేదే. మూడేళ్ళుగా ఆ చెరువును పేను పట్టి పీడిస్తోంది. తల పేను కాదు, అసలు పురుగే కాదు. రొయ్య, పీత జాతికి చెందిన జీవి. శాస్త్రం పేరు ఆర్గులస్. మినపగింజంత, చదునుగా, గాజు బిళ్ళలాగ ఉంటుంది. రెండు పీల్చే కప్పులతో చేప ఒంటిని పట్టుకుని, సూదివంటి ముల్లుతో గుచ్చి, రసం పీలుస్తుంది. గుచ్చిన చోట పుండు పడుతుంది. చేప మేత మానుతుంది, గట్టుకు ఒరుసుకుంటుంది, బరువు పెరగదు.

బావగారు ఊళ్ళో ఒక దుకాణంలో మందు తెచ్చి కొట్టారు. తగ్గలేదని మోతాదు పెంచారు. తెల్లవారి చూస్తే చేపలు వెల్లికిలా తేలాయి. ఆ పైన, చేపకు రోగనిరోధక శక్తి పెంచుతుందని చెప్పి ఎవరో ఒక పొడి అమ్మారు. మేతలో కలిపి నాలుగు నెలలు పెట్టారు. అక్కయ్య గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఆ సంగతి బావగారు నాతో చెప్పలేదు, అక్కయ్యే ఫోనులో మెల్లగా చెప్పింది.

మొన్న మాఘమాసంలో మా గృహప్రవేశానికి ఇద్దరూ వచ్చారు. భోజనాల దగ్గర బావగారు అన్నారు: "ఏమోయ్, మీ వూళ్ళో చేపలకు రక్తపరీక్ష చేస్తారట గదా! ఆ పొడి తిన్న చేపకు శక్తి వచ్చిందో లేదో తేలిపోతుంది. వచ్చిందంటే ఈ ఏడూ పెడతాను. లేదంటే చెరువు వదిలేస్తాను."

ఆ "వదిలేస్తాను" అన్న మాట వినగానే వడ్డిస్తున్న అక్కయ్య చెయ్యి ఆగింది. మరునాడు నేను క్యాజువల్ లీవు పెట్టాను.

మెజెస్టిక్‌లో బస్సెక్కాము. యశ్వంతపురం, జాలహళ్ళి క్రాస్ దాటి తుమకూరు రోడ్డు విడిచి బాగలగుంటె, చిక్కబాణావర మీదుగా పోతుంది. ఒకప్పుడు పొలాలుండేవని మా నాన్నగారు చెప్పిన తావులన్నీ ఇప్పుడు మేడలే. హెసరఘట్ట దగ్గర పడేసరికి గాలి మారింది. దూరదూరంగా గడ్డినేల, పశువుల క్షేత్రాలు, తోటల పరిశోధన సంస్థ, ఒక ప్రక్క నృత్యగ్రామం. కట్ట మీద నిలబడి చూస్తే చెరువులో కొంత నీరు, ఎక్కువ గడ్డి. బావగారు నీటి వంక చూచి, "ఇంత నేల మాకుంటే!" అని నిట్టూర్చారు.

మంచినీటి చేపల పెంపకానికి మన దేశంలో కేంద్ర సంస్థ భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉంది. దానికి ప్రాంతీయ కేంద్రం ఒకటి హెసరఘట్టలో ఉంది. అక్కడ ఒక కన్నడ శాస్త్రజ్ఞురాలు దయతో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. ఆమెకు తెలుగు రాదు, బావగారికి కన్నడం రాదు. నేను దుబాసీని. రెండు భాషలు రావడం నా ఇరవై ఏళ్ళ గుమాస్తా జీవితంలో అంతగా అక్కరకు వచ్చిన రోజు మరొకటి లేదు.

బావగారి మొదటి ప్రశ్న: చేపకు రోగనిరోధక శక్తి ఉంటుందా?

ఉంటుందన్నారామె. చేప ఒంటి మీది జిగురే మొదటి కోట. అందులో సూక్ష్మజీవులను కరిగించే లైసోజైమ్ వంటి పదార్థాలున్నాయి. మనకు రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. చేపకు ఆ ఏర్పాటు లేదు. మూత్రపిండం ముందు భాగం ఆ పని చేస్తుంది. ప్రతిరక్షకాలు, అంటే కరోనా రోజుల్లో మనమంతా నేర్చుకున్న యాంటీబాడీలు, చేప రక్తంలోనూ ఉంటాయి. అయితే చేప ఒళ్ళు నీటితో బాటు చల్లబడుతుంది, వేడెక్కుతుంది. నీరు చల్లగా ఉంటే ఆ తయారీ మందగిస్తుంది. అందుచేత బెంగుళూరు చెరువులో చేపకు తేలిన లెక్కను కైకలూరు చేపకు అంటగట్టడానికి వీల్లేదు.

రెండవ ప్రశ్న: దాన్ని కనిపెట్టడం ఎలాగ?

ఇది నేను శ్రద్ధగా రాసుకున్నాను. చేపను లవంగనూనె కలిపిన నీటిలో వేస్తే మత్తు వస్తుంది. తోక దగ్గర నరం నుంచి సూదితో కొద్దిగా రక్తం తీస్తారు. గడ్డకట్టిన తరువాత పైన తేరిన పసుపుపచ్చని నీరే సీరం. లైసోజైమ్ ఎంతుందో చూడాలంటే, ఒక జాతి బాక్టీరియా కలిపిన మబ్బు నీటిలో సీరం చుక్క వేస్తారు. మబ్బు ఎంత త్వరగా విడిపోతే అంత బలం అన్నమాట. యాంటీబాడీల కోసం 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం వాడతారు. గుంటల అడుగున పేను శరీరం నుంచి తీసిన మాంసకృత్తులు పూస్తారు. పైన సీరం పోస్తారు. ఆ పేనును గుర్తుపట్టే యాంటీబాడీ ఉంటే అడుగున అంటుకుంటుంది, లేకపోతే కడిగినప్పుడు పోతుంది. అంటుకున్నదానికి రంగు వచ్చే ఏర్పాటు చేస్తారు. రంగు ఎంత చిక్కనైతే యాంటీబాడీ అంత ఎక్కువ. ఎలైజా అనే ఈ పద్ధతిని 1971లో స్టాక్‌హోమ్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ప్రచురించారు. మన ఆసుపత్రుల్లో ఎన్నో జబ్బులకు వాడుతున్నది అదే.

"అయితే మా చేపలకు చేయించండమ్మా" అన్నారు బావగారు ఆశగా.

ఆమె చిరునవ్వు నవ్వి, పేనే ఎరగని చేప మీ దగ్గర ఉందా అని అడిగారు. అటువంటి చేప రక్తంతో పోల్చకపోతే రంగుకు అర్థం లేదట. పొడి తిన్నవి కొన్ని, తిననివి కొన్ని, ఒకే నీటిలో, ఒకే వయసువి ఉండాలి. బావగారు చెరువంతటికీ పొడి పెట్టారు. పోల్చడానికి ఏమీ మిగలలేదు.

ఆ తరువాత ఆమె చెప్పిన మాట ముఖ్యమైనది. రంగు వచ్చిందనుకోండి. దాని అర్థం ఆ చేప పేనును ఎరుగును అని మాత్రమే. ఇప్పుడు ఒంటి మీద పేను ఉందని గాని, రేపు పట్టదని గాని కాదు.

ఇది బావగారికి తెలుగులో ఎలా చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. చివరకు మా ఆఫీసు అక్కరకు వచ్చింది. "బావగారూ, మాకు ఇన్‌వర్డ్ రిజిస్టరు అని ఒకటుంటుంది. ఉత్తరం రాగానే అందులో నంబరు వేస్తాము. నంబరు పడిందంటే ఉత్తరం వచ్చిందనే గాని, దాని మీద పని జరిగిందని కాదు. కొన్ని ఉత్తరాలకు మూడు నంబర్లు పడ్డా పని జరగదు. చేప రక్తంలో ఆ యాంటీబాడీ ఇన్‌వర్డ్ నంబరులాంటిది" అన్నాను.

బావగారు మొదటిసారి నవ్వారు. నేను అదే కన్నడంలో చెబితే ఆమె కూడా నవ్వి, "సరిగ్గా అంతే సార్" అన్నారు.

అన్ని పరాన్నజీవుల సంగతీ ఒకటి కాదట. తెల్లచుక్కల జబ్బు తెచ్చే ఒక సూక్ష్మజీవి ఉంది. ఆ జబ్బు నుంచి బతికి బయటపడిన చేపకు మళ్ళీ సోకకుండా గట్టి రక్షణ ఏర్పడుతుంది. అటువంటి చేప సీరంలో ఆ జీవులను వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఈదుతున్నవి ఈదుతున్నట్లే కదలకుండా ఆగిపోతాయి. అక్కడ నంబరూ పడింది, పనీ జరిగింది. పేను అలా కాదు, గట్టిపిండం. బయట అంటుకుని, కావాలంటే ఈదిపోయి మరో చేపను పడుతుంది. సముద్రపు సాల్మన్ చేపలకూ పేను ఉంది. అందులో కోహో అనే జాతి చేపకు పేను కుట్టిన చోట చర్మం వెంటనే వాచి, పేనును వదిలించుకుంటుంది. పెంపకంలో ఎక్కువగా ఉన్న అట్లాంటిక్ సాల్మన్ ఆ పని సరిగా చేయలేదు. మన చేపలలో శీలావతికే పేను బాధ ఎక్కువ. భువనేశ్వర్‌లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. పేనును తట్టుకునే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందా అని కూడా నార్వే వారితో కలిసి పరిశీలించారు. 

బావగారు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేనేం చెయ్యాలి? నిజం చెప్పమను" అన్నారు నాతో.

ఆమె చెప్పిన నిజం చాలా సాదాగా ఉంది. ఆడపేను గుడ్లు చేప మీద పెట్టదు. నీటిలో రాళ్ళకు, కర్రలకు వరుసగా అంటిస్తుంది. వెదురు తడికలు నీటిలో నిలబెట్టి, వారానికొకసారి పైకి తీసి ఎండలో ఆరబెడితే గుడ్లు చస్తాయి. పిల్ల చేపలను మరీ ఒత్తుగా వదలరాదు. మందు వేయవలసి వస్తే నిపుణులు చెప్పిన మోతాదు దాటరాదు. అన్నిటికన్నా ముందు, వారం వారం వలలో పడిన పది చేపలను పట్టి పేలు లెక్కపెట్టి రాయాలి. "రక్తపరీక్ష మాకు కావాలి, ముందు తరాల చేపల కోసం. మీకు కావలసింది ఈ లెక్క" అన్నారు. లేచేటప్పుడు, "మీకు దగ్గరగా విజయవాడలోనే మా కేంద్రం ఉంది గదా, ఇంత దూరం ఎందుకు వచ్చారు?" అని అడిగారు. బావగారు నా వంక చూచారు. నేను ఆ ప్రశ్నను అనువదించకుండానే ఆయనకు అర్థమయింది.

తిరుగు బస్సులో ఆయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దాసరహళ్ళి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు, "మీ ఆఫీసులో పాత రిజిస్టరు ఖాళీది ఏమైనా ఉంటే ఇప్పించవోయ్" అన్నారు. ఆఫీసుది ఇవ్వరాదు గనుక మల్లేశ్వరంలో దిగి అట్టబైండు రిజిస్టరు ఒకటి కొనిచ్చాను.

చెరువు వదల్లేదు. శీలావతి పిల్లలను తక్కువ వేశారు, తడికలు పాతారు, పొడి మానేశారు. ఆదివారం ఆదివారం విసురు వల వేసి పది చేపలు పట్టి చూస్తున్నారు. బావగారు లెక్కపెడుతూ ఉంటే అక్కయ్య రాస్తుంది. పోయిన ఆదివారం పది చేపలకూ కలిపి పదిహేడు పేలు. ఇది తగ్గడమో కాదో చెప్పలేము. నిరుడు ఇదే వేళకు ఎవరూ లెక్కపెట్టలేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కాని, "మీ బావగారు రాత్రిళ్ళు నిద్రపోతున్నారురా" అని అక్కయ్య చెప్పింది.