నయాపూల్

అఫ్జల్‌గంజినుండి చార్మినారువైపు పోవువారు మూసీనదిని దాటు వంతెనకు నయాపూల్ అని పేరు. ఉర్దూలో దాని కర్థము క్రొత్త వంతెన. పేరు క్రొత్తదే గాని వయస్సు క్రొత్తది కాదు. అయిదవ నిజామైన అఫ్జలుద్దౌలా (1857–1869) కాలమున దీనిని కట్టిరి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్, అనగా పాత వంతెన, ఎగువన నుండుటచే దీనికి క్రొత్తదను పేరు నిలిచినది. 1908లో వరదకు దెబ్బతిని మరల కట్టబడినను పేరు మారలేదు.

2025వ సంవత్సరమున మా సంసారము ఈ వంతెన సమీపమునకు వచ్చి చేరినది. మా అత్తవారిది మెదకు ప్రాంతపు పల్లె. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమునకు కరవుకాలమున రాళ్లు మోసి కడుపు నింపుకొన్నవారు మా మామగారి పెద్దలు. మావారికి నగరమున బడిపంతులు పని దొరకుటచేతను, అత్తగారికి పెద్దాసుపత్రి వైద్యము అవసరమగుటచేతను జూను మాసమున ఇల్లు తాళము వేసి, ఏడేండ్ల కుమారునితో బయలుదేరితిమి. అప్పటికి మేము గర్భవతులము.

వంతెనకు ఉత్తరమున ఉస్మానియా ఆసుపత్రియు, దక్షిణమున హైకోర్టును ఎదురెదురుగా నిలిచియున్నవి. దక్షిణమున మరికొంత నడచిన మదీనా భవనము, పత్తర్‌గట్టి ముత్యాల దుకాణములు. మా కుమారుడు నెల తిరుగకముందే “ఔను” మాని “హౌ” అనుట నేర్చెను. మాకు మాత్రము ఆ సందడిలో దిక్కు తోచలేదు.

ఆగస్టులో అత్తగారు ప్రభువునందు నిద్రించిరి. ఊరికి తీసికొనిపోయి భూస్థాపన చేసి వచ్చిన నాడు, పొరుగింటి ముసల్మాను అమ్మ అన్నము, పప్పు పంపి, “బేటీ, మూడు దినములు నీవు పొయ్యి ముట్టవద్దు” అనెను. చుట్టములు లేని ఊరు అనుకొన్నచోట ఆ మాట ఎంతటి ఓదార్పో చెప్పజాలము. అయినను మావారు, “అమ్మకొరకు వచ్చితిమి, ఇక నిచట మనకేమి పని?” అని పలుమారు అనుచుండిరి. తిరిగి పోవుదమా, నిలుచుదమా అను ప్రశ్న ఇంటిలో ప్రతిరాత్రియు దీపముతోపాటు వెలుగుచుండెను.

ఇంతలో సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు వచ్చెను. మరునాడు మా పురిటికి నల్లగొండనుండి రావలసిన తల్లిగారు ఎల్బీనగరులోనే దిగి, అచ్చటినుండి ఎట్లో ఇల్లు చేరిరి.

ఆ దినములలో ఇరుగుపొరుగువారి నోట 1908 సెప్టెంబరు 28నాటి వరద కథలే. నాడు పదునైదువేలమంది పోయిరని చెప్పుదురు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరట. ఆ చెట్టు నేటికిని పచ్చగా నున్నది. రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూ కవి తల్లిని, భార్యను, కుమార్తెను ఒక్కమారే పోగొట్టుకొని తానొక్కడే మిగిలెను. ఆ దుఃఖమునుండియే నగరము మరల లేచినది. 1909లో విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరదనాపుటకు ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. నేడు మేము చూచు హైకోర్టు భవనము 1920లోను, ఆసుపత్రి భవనము 1925లోను వెలసినవి. ఇప్పుడు వానికిని మార్పుల కాలమే. హైకోర్టు క్రొత్త భవనమునకు 2024 మార్చి 27న రాజేంద్రనగరులోను, ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహలులోను శంకుస్థాపనలు జరిగినవి.

నీరు తగ్గినపిమ్మట ఒక ఆదివారము ఆరాధన ముగించుకొని సాలార్‌జంగు మ్యూజియము చూడబోతిమి. అదియు వంతెనకు సమీపముననే కలదు. అందు ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన రిబ్కా పాలరాతి విగ్రహమున్నది. రాతి ముసుగే యైనను లోపలి ముఖము కనబడునట్లు తోచును. చూపరులందరును శిల్పి నేర్పును పొగడుచుండిరి. మాకు కథ జ్ఞప్తికి వచ్చెను.

చిన్ననాడు తాతగారివద్ద శాకుంతలము చదువుచు, ఆశ్రమమును విడుచు శకుంతల కొంగును లేడిపిల్ల పట్టి లాగిన తావున కన్నీరు పెట్టితిమి. రిబ్కాను కూడ తల్లియు సహోదరుడును పది దినములైనను ఉంచుకొనగోరిరి. ఆమెనే అడుగగా, పోయెదనని చెప్పి ఆనాడే కదలెను. ఇస్సాకును చూచి ముసుగు వేసికొనెను. ఆమె ప్రవేశించినది అత్తగారైన శారా గుడారమున. శారా అప్పటికే మరణించియుండెను. ఇస్సాకు తల్లిని గూర్చిన దుఃఖమునకు ఓదార్పు పొందినది అచ్చటనే యని గ్రంథము చెప్పుచున్నది. క్రొత్త కోడలు వచ్చినది పాత గుడారమునకే గదా! కూలిన వంతెనను మరల కట్టి పాత పేరుతోనే పిలుచుటయు నిట్టిదే. అత్తగారు చేతి కందించిన వంటయింటిని అమర్చుకొనుటయే ఆమెను విడువకుండుట యని మావారితో చెప్పితిమి. వారు చాలసేపు మాటాడక, “ఉందము” అనిరి.

నవంబరులో ఆడపిల్ల పుట్టినది. ఊరి ఇంటిని అమ్మలేదు. ఆదివారపు బడికొరకు అచ్చటి సంఘమునకు అప్పగించితిమి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సంవత్సరపు మేళ్లను లెక్కించుకొన్నప్పుడు, కన్నీళ్లను కూడ ఆ లెక్కలోనే చేర్చితిమి. క్రొత్త ఊరిలో కాపురము పెట్టబోవు సోదరీమణులకు మేము చెప్పునది ఒక్కటే: పెట్టెలు విప్పకముందే పొరుగింటివారిని పలుకరింపుడు. మా అత్తగారి ఉప్పుజాడీయు, పొరుగింటి అమ్మ పంపిన పప్పుగిన్నెయు నేడు మా వంటయింట ఒకే అరలో నున్నవి.