డ్యామేజీ చీరలు

ఈ మార్చిలో మా కాలేజీలో ఫేర్‌వెల్ జరిగింది. పిల్లలే ఒక కమిటీ వేసుకుని, ఆడపిల్లలంతా పేస్టల్ రంగు ఆర్గాంజా చీరల్లో రావాలని తేల్చేశారు. లేత గులాబీ, లేత ఆకుపచ్చ, లావెండర్. ఇప్పుడు అందరూ కడుతున్నది అదేనట. నాకు ఆర్గాంజా అంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు. ఒక పిల్లని అడిగితే ఫోన్ తీసి చూపించింది. చీర 1,200, మగ్గం వర్క్ జాకెట్టు కుట్టుకూలి 1,500 నుంచి మొదలు.

మార్చి అంటే మా మెట్టలో మిరపకాయ కోతలు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఆ రోజుల్లో హాజరుపట్టీలో తక్కువ కనపడతారు, చేలల్లో ఎక్కువ కనపడతారు. కూలి రోజుకి 300 అనుకున్నా, పైన చెప్పిన చీర, జాకెట్టు కలిపితే తొమ్మిది రోజుల కోత. ఫేర్‌వెల్‌కి రాని పిల్లల్ని మర్నాడు ఎందుకు రాలేదని అడిగితే అందరికీ ఒకటే జబ్బు ఉంటుంది. కడుపునొప్పి. డిగ్రీ మూడో ఏడు నాకూ సరిగ్గా ఆ రోజే వచ్చింది కాబట్టి నేను ఆ ప్రశ్న అడగను.

ఈసారి మా పిల్లల్లో నలుగురికి ఆ నొప్పి రాలేదు. మునేటి ఒడ్డు ఊరి అమ్మాయి ఒకతి, బీఏ చివరి సంవత్సరం, పేరు రాయను, మిగతా ముగ్గురినీ వెంటేసుకుని విజయవాడ పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక మా పిల్లలకి విజయవాడ దగ్గరైంది. వస్త్రలతలో డ్యామేజీ చీరలు వెతికారు. డ్యామేజీ అంటే ఎక్కడో ఒక దారం లాగి ఉంటుంది, లేదంటే ప్రింటు జరిగి ఉంటుంది, మడతలో మరక ఉంటుంది. అంతకుమించి ఏం ఉండదు. నాలుగు చీరలు, ఒక్కోటి 350.

"మచ్చ ఎక్కడుందో చూసి కొనాలి మేడమ్. కుచ్చిళ్లలోకి పోతదనుకుంటే తీసుకోవాలి. పైట మీదుంటే వదిలెయ్యాలి. మొత్తం చీర పరిపించి చూపించమంటే కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనియ్యాలి."

ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. నేను ముప్పై దాటాక కూడా కొట్టువాడు విసుక్కుంటాడని మూడో చీరకే తలూపి వచ్చేదాన్ని.

జాకెట్టుకి కట్ పీసు 90, లైనింగ్ 50. మగ్గం వర్క్ బదులు రెడీమేడ్ ప్యాచ్ కొని చేతుల మీద, వీపు మీద కుట్టుకున్నారు, 120. కుట్టింది మా అమ్మాయే, పెద్దమ్మ వాళ్ల మిషన్ మీద. ప్యాచ్ మాత్రం చేత్తో కుట్టాలి, మిరపకాయలు కోసిన వేళ్లు మండుతుంటే సన్నసూది పట్టుకుని. బీసెంట్ రోడ్డు పేవ్‌మెంటు మీద చెవిదిద్దులు 40. మొత్తం మనిషికి 650. రెండు రోజుల కోత చాలలేదు, మూడో రోజు నుంచి కొంచెం పట్టింది.

ఫేర్‌వెల్ రోజు ఆ నలుగురూ మెట్లెక్కి వస్తుంటే చూశాను. ఆ చీరల్లో మచ్చ ఎక్కడుందో నేను కనిపెట్టలేకపోయాను.

స్టాఫ్‌రూములో మాత్రం ఒకాయన కనిపెట్టాడు. "ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు, టీసీ ఇవ్వండి, ఆగండి అని మన చుట్టూ తిరుగుతారు. చీరలు చూశారా?" అన్నాడు. ఇంకొకామె, మంచి మనిషే, "లేదండీ, ఆ పిల్లని చూస్తే అసలు ఎస్సీలా ఉంటుందా?" అంది మెచ్చుకోలుగా. నేను టీ తాగుతున్నాను. ఏమీ అనలేదు.

అనకపోవడానికి ఒక కారణం ఉంది, చెప్పుకోవాలి. అంతకు నెల ముందు అదే అమ్మాయి స్లీవ్‌లెస్ కుర్తీ మీద కలంకారీ జాకెట్టు వేసుకుని వస్తే, నేనే పిలిచి "ఈ శ్రద్ధ పరీక్షల మీద పెట్టమ్మా" అన్నాను. ఆయన మాటకీ నా మాటకీ తేడా ఎంత? నాది ప్రేమ అని నాకు తెలుసు. ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? అప్పుడు తను చెప్పిన జవాబు ఇంకా నన్ను వదల్లేదు.

"బాగా కట్టుకుంటే డబ్బులెక్కడివంటారు మేడమ్. కట్టుకోకపోతే వీళ్లింతే అంటారు. ఎట్లాగూ అంటారు గదా. బాగా కట్టుకునే అనిపించుకుంటా."

నా పెంపకం వేరు. మా గూడెంలో కొత్తబట్ట అంటే క్రిస్మస్. డిసెంబరు రెండో వారంలో నాన్న జగ్గయ్యపేటలో ఖాతా ఉన్న కొట్లో ఒకే తాను నుంచి గుడ్డ కోయించుకొచ్చేవాడు. అక్కకి, నాకు గౌన్లు, మిగిలితే తమ్ముడికి చొక్కా. పక్కింటివాళ్లదీ అదే కొట్టు, అదే తాను. పండగ రోజు చర్చిలో చాపల మీద పిల్లలం కూర్చుంటే ఒక పెద్ద దుప్పటి పరిచినట్టు ఉండేది. అది మాకు సిగ్గుగా ఉండేది కాదు. కొత్తవాసన ఉంటే చాలు.

సిగ్గు వేరేచోట ఉంది. అమ్మ పనికి పోయే ఆసామి ఇంట్లో అమ్మగారు ఏడాదికోసారి పాతబట్టల మూట ఇచ్చేది. తొమ్మిదో తరగతిలో ఆ మూటలో ఒక నెమలికంఠం రంగు పరికిణీ వచ్చింది. ఎంత మురిసిపోయానో. స్కూల్లో ఆగస్టు 15కి వేసుకుపోయాను. జెండా దగ్గర వరసలో నిలబడి ఉండగా వాళ్లమ్మాయి నా దగ్గరకొచ్చి అంచు పట్టుకుని చూసి, "ఇది నాదే. ఇక్కడ కాలింది చూడు, దీపావళికి" అంది. తిట్టలేదు, ఎగతాళి కూడా చేయలేదు. తన వస్తువు కనపడితే ఎవరైనా అనే మాటే అంది. ఆ కాలిన చోటు మీద చెయ్యి పెట్టుకుని జనగణమన పాడాను. ఇంటికొచ్చి పరికిణీ పొయ్యి వెనక పడేస్తే అమ్మ దాన్ని తీసి, ఉతికి, మసిగుడ్డ చేసింది. అంత గుడ్డ పారెయ్యడం ఆమెకి చేతకాదు.

ఆ తర్వాత ఎప్పుడూ ఒకరు కట్టిన బట్ట నేను ముట్టలేదు. హాస్టల్లో రూమ్మేట్లు ఒకరి చున్నీ ఒకరు వేసుకుంటుంటే నేను రెండు జతలతో వారం నెట్టుకొచ్చాను. పీహెచ్‌డీ వైవాకి అప్పు చేసి కొత్త చీర కొన్నాను, అందరూ వద్దన్నా.

ఎమ్మేలో ఉండగా మనుస్మృతి పదో అధ్యాయం చదివితే ఆ మూట కళ్లముందుకొచ్చింది. చండాలురు శవాల మీది బట్టలు కట్టుకోవాలని, ఇనుప నగలు పెట్టుకోవాలని అక్కడ రాసి ఉంది. అదే అధ్యాయంలో శూద్రుడికి ఎంగిలికూడూ పాతబట్టలూ ఇవ్వాలని ఉంది. మా అమ్మగారు మనువుని చదివి ఉండదు. చదవాల్సిన పనిలేకుండానే మూట కట్టింది. జాలి పడే కట్టింది, అదీ నిజమే.

ఆ పుస్తకాన్ని బాబాసాహెబ్ మహద్‌లో తగలబెట్టించింది 1927 డిసెంబరు 25న. మేము కొత్తబట్టలు కట్టుకునే రోజు. ఆ సభల రోజుల్లోనే ఆయన ఆడవాళ్లని కూర్చోబెట్టి ప్రత్యేకంగా మాట్లాడాడు. ఏం మాట్లాడాడో చూస్తే మన ఉద్యమాల్లో కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. చీర కట్టే తీరు మార్చుకోమన్నాడు. కట్టు చూసి కులం గుర్తుపట్టే వీలు ఇవ్వొద్దన్నాడు. మెడనిండా, చేతులనిండా వేసుకునే నాసిరకం నగలు తీసెయ్యమన్నాడు. బట్ట చినిగినా సరే, శుభ్రంగా ఉండాలన్నాడు. చెరువు నీళ్ల కోసం, మనుషులుగా బతకడం కోసం జరుగుతున్న పోరాటం మధ్యలో ఒక నాయకుడు చీరకట్టు గురించి మాట్లాడాడు, దాన్ని చిన్న విషయం అనుకోలేదు. 1921లో గాంధీ మదురైలో చొక్కా విప్పాడు, అంబేడ్కర్ కోటు తొడిగాడు అనే పోలిక మీరు వందసార్లు విని ఉంటారు. నూటొకటోసారి నేను చెప్పను. ఆయన ఆడవాళ్ల దగ్గరకి వచ్చేసరికి లెక్క మీటర్లలోకి, గాజుల్లోకి దిగిందన్నదే నాకు కావలసింది.

క్లాసులో శ్రీనాథుడి చాటువు చెప్పేటప్పుడు కూడా ఇదే గుర్తొస్తుంది. కర్ణాట రాజ్యంలో కుళ్లాయి పెట్టుకుని, ఒళ్లంతా కప్పే అంగీ తొడుక్కుని తిప్పలు పడ్డానని ఆయన మొరపెట్టుకున్నాడని చెప్పుకుంటాం. కవిసార్వభౌముడికే కొలువులోకి పోవాలంటే ఆ కొలువు వేషం కావాల్సి వచ్చింది. పిల్లలు నవ్వుతారు. నవ్వాక ఎవరో ఒకరు ఇంటర్వ్యూకి ఏం వేసుకుపోవాలి మేడమ్ అని అడుగుతారు. సిలబస్‌లో లేదు కానీ అసలు ప్రశ్న అదే.

ఆ వేషం పడనివాళ్లు కొడతారు కూడా. 2023లో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో మోటా అనే ఊళ్లో ఒక దళిత యువకుణ్ణి మంచి బట్టలు వేసుకుని, నల్లకళ్లజోడు పెట్టుకున్నాడని కొట్టారు. కళ్లజోడు! నందిగామ సెంటర్లో ఎండకి వంద రూపాయలకి అమ్ముతారు. మన దగ్గర చుండూరులో 1991లో గొడవ మొదలైంది సినిమాహాల్లో కాలు తగిలిందని. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడి కాలు.

ఇక ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, హాస్టల్ పిల్లలకి పనికొస్తాయి. తను క్రిస్మస్ బట్టలు ఆషాఢంలో కొంటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొట్లు ఖాళీ, అందుకే సేల్ పెడతారు. వాళ్ల ముహూర్తం లేని నెల మన బేరానికి మంచి నెల. డిసెంబరులో అందరితోపాటు ఎగబడితే అదే గుడ్డకి ఎక్కువ కట్టాలి. రెండోది, పూలూ బొమ్మలూ ఉన్నది ఒక్కటే కొంటుంది, మిగతావన్నీ సాదా. నల్ల లెగ్గింగు, తెల్ల పలాజో, గోధుమరంగు కుర్తీ. సాదా బట్టని జనం గుర్తుపెట్టుకోరు, మళ్లీ అదే వేసుకొచ్చిందనరు. పెడన కలంకారీ అద్దకం గుడ్డ మీటరు కొంటే ఒక జాకెట్టు అవుతుంది, అది మూడు సాదా చీరల మీదకి, రెండు కుర్తీల మీదకి నడుస్తుంది. ఎండాకాలం పాలియెస్టర్ ఎంత చవకైనా కొనదు. మన జగ్గయ్యపేట ఎండలో, ఫ్యాను లేని పరీక్ష హాల్లో మూడు గంటలు కూర్చునేది తను కదా. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనకముందు, కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూస్తుంది. అన్నిటికీ మించి మిషన్ నేర్చుకుంది. రెడీమేడ్‌లో ఒక సైజు పెద్దది కొని పక్కలు పట్టుకుంటే, కొలతిచ్చి కుట్టించినట్టు ఉంటుంది.

పాతబట్టల సంగతి కూడా అడిగాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు థ్రిఫ్ట్ అని ఒకరు వాడిన బట్టలు కొని, ఫోటోలు పెట్టుకుంటున్నారు. భూమికి మంచిదంటారు. మంచిదే. మా అమ్మ తరం ఆ భూమికి ఎంత మేలు చేసిందో ఎవరూ ఫోటో తియ్యలేదు. "నువ్వు కొంటావా?" అన్నాను. "కొంటా మేడమ్. సంతలో బేరమాడి కొంటే అది నాదే గదా. ఎవరన్నా నాదంటే ఎంతకి కొన్నావని అడుగుతా" అంది. నా పరికిణీ కథ తనకి చెప్పలేదు.

మే నెలలో తనకి విజయవాడలో ఇంటర్వ్యూ వచ్చింది. నా దగ్గరకొచ్చి నా మంగళగిరి చీర, బూడిదరంగుది, అడిగింది. నేను తడబడ్డాను. నేను కట్టిన చీర ఈ పిల్లకి ఎలా ఇస్తాను? కొత్తది కొనిస్తానన్నాను. నా ముఖంలో ఏం చూసిందో, "ఇవ్వొద్దు మేడమ్, అరువియ్యండి. శుక్రవారం తెచ్చిస్తా" అంది.

శుక్రవారం తెచ్చింది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, న్యూస్‌పేపర్లో చుట్టింది.

"ఫాల్ రెండు చోట్ల ఊడింది మేడమ్, కుట్టేశా. ఇరవై రూపాయలివ్వండి" అంది.

ఇచ్చాను.