బయానాకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య

2023 జూన్ మొదటి వారంలో, తెనాలి చెంచుపేటలో ఉన్న మా ఇంటికి బయానా తీసుకున్నాం. మర్నాటి నుంచే వీధిలో అందరూ "ఇల్లు అమ్మేశారటగా" అనడం మొదలుపెట్టారు. లాయరు మాత్రం అగ్రిమెంటు కాగితాలు నా ముందుకి తోసి, "ఇది అమ్మకం కాదమ్మా, అమ్ముతామన్న మాట మాత్రమే" అన్నాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 54వ సెక్షన్ చెప్పేది అదే. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవాళ్ళకి ఆ ఆస్తిలో ఏ హక్కూ పుట్టదు. అంటే హక్కంతా ఇంకా మాదే. అయినా కేలెండర్ తగిలించడానికి గోడకి మేకు కొట్టబోయి, అమ్మ సుత్తి కింద పెట్టేసింది.

మామూలుగా నెలా నెలన్నరలో అయిపోవాల్సిన పని, మాకు దాదాపు మూడు నెలలు పట్టింది. కొనేవాళ్ళు భార్యాభర్తలిద్దరూ గవర్నమెంటు టీచర్లు. బ్యాంకు లోను రావాలి. అది వచ్చేలోపు ఆషాఢం వచ్చేసింది. పోనీ, ఆషాఢం తర్వాత శ్రావణమేగా అనుకుంటే, ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చిపడింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ఒక నెలకి నెల అదనం. "నిజ శ్రావణంలో పెట్టుకుందాం పిన్నిగారూ" అంది ఆవిడ అమ్మతో. నాకు చిరాకేసింది. అమ్మ మాత్రం "దానికేముందమ్మా, అలాగే" అంది, ఎవరో సెలవు పొడిగించినట్టు.

మధ్యవర్తి గురించి ఒక్క ముక్క. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి "వైటెంత కావాలమ్మా?" అనడిగాడు, కాఫీలో చక్కెర ఎంత అన్నట్టు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు ఆ పైన నగదుగా తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం చెబుతుంది. ఆయన సర్వీసులో ఆ ప్రశ్నకి "మొత్తం" అన్న జవాబు ఎన్నిసార్లు విని ఉంటాడో తెలీదు గానీ, నా మొహంలోకి జాలిగా చూశాడు. మా అదృష్టం కొద్దీ టీచర్లకి కూడా లోను ఎక్కువ రావాలంటే కాగితం మీద ధర ఎక్కువుండాలి. అలా నిజాయితీ మాకు కలిసొచ్చింది.

ఇక మనుషులు రావడం మొదలైంది. బ్యాంకు తరఫు ఇంజనీరు టేపు పెట్టి గోడలు కొలిచాడు. ఐదు సెంట్లు, అంటే 242 గజాలు, కాగితంలో ఉన్నట్టే సరిపోయింది. "కట్టడానికి పెద్ద విలువేం ఉండదండీ, స్థలానికే" అన్నాడు, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ. ఆయన తప్పు కాదు, ఆయన రాయాల్సిన ఫారంలో ఉన్న గడి అది. అమ్మ ఆ సాయంత్రం వంటింటి గట్టు రెండుసార్లు తుడిచింది.

నాన్న 2016లో పోయారు. వీలునామా లేదు. కాబట్టి అమ్మ, అన్నయ్య, నేను, ముగ్గురం సమానంగా వారసులం, ముగ్గురమూ సంతకం పెట్టాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చాం. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. వాడు అక్కడ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ఇండియన్ కాన్సులేట్‌లో ధృవీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇవన్నీ తెలిసినవే. తెలియనిది ఆడిటర్ చెప్పాడు. అప్పటి రూలు ప్రకారం అమ్మేవాడు ఎన్నారై ఐతే కొనేవాళ్ళు వాడి వాటాలో ఇరవై శాతం పైన పన్ను పట్టుకుని కట్టాల్సి ఉండేది. తక్కువ పట్టుకోవాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. "అది లాభం మీద కదా?" అన్నాడు అన్నయ్య ఫోన్లో. సర్టిఫికెట్ లేకపోతే మొత్తం వాటా మీదే పట్టుకుంటారు, తర్వాత రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఇది బయానాకి ముందే అడిగి ఉండాల్సింది. మేం అడగలేదు. ఆ టీచరుగారు పాపం, జీవితంలో మొదటిసారి టాన్ నంబరు కోసం అప్లై చేశాడు.

ఇవన్నీ చికాకులే. అసలు సంగతి ఈసీలో బయటపడింది.

ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా. మన దగ్గర 1983 నుంచీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మాది తీస్తే రెండే ఎంట్రీలు ఉంటాయనుకున్నాను: 1987లో నాన్న కొనడం, ఇప్పుడు మేం రాసుకున్న అగ్రిమెంటు. కానీ మధ్యలో ఇంకో లైను ఉంది. 1999 జూన్, తనఖా, అరవై వేలు, ఒక సహకార సంఘానికి. దాని విడుదల ఎక్కడా లేదు. బ్యాంకు లాయరు దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి పంపాడు.

"ఈ ఇల్లా? మీ నాన్నా?" అంది అమ్మ. ఆవిడకి తెలీదు. పన్నెండేళ్ళుగా ఆయన కట్టిన ఇంటి పన్ను రసీదులు సంవత్సరాల వారీగా కుట్టి పెట్టుకున్న మనిషికి, ఈ సంగతి తెలీదు. బీరువా అంతా తీశాం. ఒరిజినల్ దస్తావేజు ఉంది. తీర్చినట్టు ఒక్క చీటీ లేదు.

నాకు వెంటనే తట్టింది నెల. 1999 జూన్. నేను విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చేరిన నెల. అన్నయ్య ఇంజనీరింగ్ మూడో ఏడుకి ఫీజు కట్టిన నెల కూడా. నాన్నతో నా పోట్లాటలన్నిటికీ పునాది ఒక్క మాటే: "వాడి కోసమైతే అప్పు చేశావు, నాకైతే డిగ్రీ చాలన్నావు." ఆయన పోయే ఏడాది కూడా అన్నాను. ఆయన ఎప్పుడూ జవాబు చెప్పలేదు. చెప్పలేదంటే ఒప్పుకున్నట్టేనని నేను తీర్మానించుకున్నాను.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "నా ఫీజులకి పీఎఫ్ లోన్ తీసుకున్నారు, నాకు బాగా గుర్తు. ఇది నీదే అయ్యుంటుంది" అన్నాడు. తర్వాత కాసేపాగి, "హాస్టల్ డబ్బులకేమోలే, నాక్కూడా తెలీదు" అన్నాడు.

సహకార సంఘం గుమాస్తా పాత లెడ్జరు వెతకడానికి పంతొమ్మిది రోజులు తీసుకున్నాడు. మేం రోజు మార్చి రోజు వెళ్ళాం. చివరికి దొరికింది. 2006 డిసెంబర్‌లో పూర్తిగా తీరిపోయింది. ఏడున్నరేళ్ళు, నెల నెలా, నాన్న చేతిరాతలాంటి పొట్టి సంతకాలు. అప్పు దేనికన్న గడిలో "ఇంటి మరమ్మతు" అని ఉంది. ఆ రోజుల్లో ఈ ఇంటికి సున్నం కూడా వేయలేదని అమ్మకి గట్టిగా గుర్తు. ఆ గడిలో అందరూ అదే రాసేవారని గుమాస్తా అన్నాడు. నేను ఆ పేజీని ఫోటో తీసుకుంటే, "రిజిస్ట్రేషన్‌కి ఫోటో పనికిరాదమ్మా, విడుదల దస్తావేజు రాయించాలి" అన్నాడు. రాయించాం. 1999లో ఎవరి కోసమన్నది మాత్రం ఆ దస్తావేజులో ఉండదు. వాడికో నాకో, ఇద్దరికీ చెరి సగమో. నా పోట్లాటకి సగం పునాది పోయింది. ఏ సగమో తెలీదు.

జూలైలో వానలకి ఉత్తరం గది కురవడం మొదలైంది. అమ్మ తాపీమేస్త్రీని పిలిపించింది. నాలుగు వేల ఐదొందలు. "ఎందుకమ్మా, ఇంకో నెలలో మనది కాదు, వాళ్ళు పడగొట్టి కొత్తది కట్టుకుంటారేమో కూడా" అన్నాను. "ఇవాళ మనదేగా" అంది. తర్వాత అగ్రిమెంటు మళ్ళీ చదువుతూ చట్టం కూడా తిరగేశాను. 55వ సెక్షన్‌లో ఉంది: అగ్రిమెంటు నుంచి అప్పగించే దాకా, మామూలు జాగ్రత్త ఉన్న యజమాని తన ఆస్తిని ఎలా చూసుకుంటాడో అమ్మేవాళ్ళు అలాగే చూసుకోవాలి. మనకి తెలిసి, వాళ్ళు చూసినా కనిపెట్టలేని లోపాలుంటే ముందే చెప్పాలి. నేను టీచరుగారికి ఫోన్ చేసి గది కురిసిందనీ బాగు చేయించామనీ చెప్పాను. ఆయన ఒక నిమిషం మౌనంగా ఉండి, "చెప్పకపోతే మాకు తెలిసేది కాదు మేడమ్" అన్నాడు. ధర తగ్గించమంటాడేమోనని భయపడ్డాను. అడగలేదు. అడిగితే ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆగస్టు చివరి వారంలో రిజిస్ట్రేషన్. మంచి రోజు కావడంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పెళ్ళిళ్ళ సీజన్లో కల్యాణ మండపంలా ఉంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అది వాళ్ళ ఖర్చు. దస్తావేజు లేఖరి వేగంగా చదువుకుంటూ పోయాడు: దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో. తూర్పు ఫలానా వారి దొడ్డి, దక్షిణం మున్సిపల్ బజారు. ఆ దొడ్డి ఇప్పుడు మూడంతస్తుల అపార్ట్‌మెంటు, కాగితంలో మాత్రం ఇంకా దొడ్డే.

వేలిముద్రల దగ్గర అమ్మ బొటనవేలు పడలేదు. రెండుసార్లు, మూడుసార్లు. గీతలు అరిగిపోయాయన్నాడు కుర్రాడు. "చీరకొంగుతో తుడిచి గట్టిగా నొక్కండమ్మా." ఐదోసారికి పడింది. కంప్యూటర్ కెమెరా వైపు చూడమంటే అమ్మ తల సర్దుకుంది.

బయటికొచ్చాక తాళాలిస్తూ, మర్చిపోయినట్టు ఆగి, నన్నడిగింది: "పొద్దున కరెంటు మీటరు ఫోటో తీయమన్నాను, తీశావా?" అమ్మే రోజు దాకా బాకీ మనదేనట. తీశానన్నాను. ఆ నెల బిల్లు రెండు వందల చిల్లర వచ్చింది. హైదరాబాద్ నుంచి నేనే కట్టాను.