ఉరకాల్సిన చోటు, ఆగాల్సిన చోటు

ఏప్రిల్ 14, మంగళవారం

పొద్దున స్టేషన్ ఆవరణలో రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. 1944లో ఇదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది ఫైర్‌మన్లు పోయారని కొత్తగా చేరిన పిల్లలందరికీ తెలుసు. ఎలా పోయారో చెప్పమంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆ ఓడలో పత్తి బేళ్లున్నాయి. దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పొగ కనపడింది. మనవాళ్లు వచ్చి నీళ్లు కొడుతూనే ఉన్నారు, మంట మూలం దొరకలేదు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు. అరగంట తిరక్కముందే రెండోది, ఇంకా పెద్దది.

ఏటా దండ వేసి, కరపత్రాలు పంచి, పిన్ బ్యాడ్జీ పెట్టుకుని ఇళ్లకు పోతే ఆ 66 మందికి మనం చేసింది తక్కువే. వాళ్ల ముందు నిలిచిన ప్రశ్న ఇవాళ్టికీ మన ముందుంది. మండుతున్నదాని లోపల పేలేది ఉంటే ఎంతవరకు పోవాలి, ఎక్కడ ఆగాలి? ఈసారి రిక్రూట్లకు బాంబు కాల్, విమాన ప్రమాదం, రెండు పాఠాలూ నాకే అప్పగించారు. శ్రద్ధగా చెప్పాలి. రేపటి నుంచి రాత్రిపూట కూర్చుని రాసుకోవాలి.

ఏప్రిల్ 17, శుక్రవారం

ఫైర్‌మన్‌కు ఉరకడం నేర్పనక్కర్లేదు. బెల్లు మోగితే కాళ్లు వాటంతటవే బండి వైపు పోతాయి. బాంబు కాల్‌కు నేర్పాల్సింది ఆగడం. ఇవాళ్టి క్లాసంతా దాని చుట్టూనే తిరిగింది.

బండిని భవనం ముందు పెట్టొద్దు. మూల తిరిగాక, గట్టి గోడ చాటున పెట్టాలి. గాజు అద్దాల కింద అసలే వద్దు, పేలుడు తర్వాత ఎక్కువ మందిని కోసేది ఆ అద్దాలే. అనుమానం ఉన్న సంచి దగ్గర వాకీటాకీ నొక్కొద్దు, సెల్‌ఫోన్ తీయొద్దు. వెతకడంలో మనం ముందుండం. ఏ సంచి కొత్తదో ఆ ఆఫీసులో రోజూ కూర్చునేవాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. వాళ్లను వెంటబెట్టుకుని పోలీసులు వెతుకుతారు, దొరికితే ముట్టుకునేది బాంబ్ స్క్వాడ్. మనం హోస్ పరిచి, పంపు సిద్ధంగా ఉంచి, అంబులెన్సుకు దారి వదిలి నిలబడతాం. చూసేవాళ్లకు అది ఊరికే నిలబడటంలా ఉంటుంది. జనం తిడతారు కూడా. తిట్టనివ్వాలి.

ఎంత దూరం అంటే, అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీవాళ్ల కార్డు చూపించాను. చిన్న పైపు బాంబుకు 1,200 అడుగుల దాకా జనాన్ని జరిపితే మంచిదంటుంది, సూట్‌కేసు బాంబుకు 1,850 అడుగులంటుంది. మన హైదరాబాద్ కోఠిలో అంత ఖాళీ ఎక్కడ? అందుకే మన ఊళ్లలో అడుగుల లెక్క కన్నా గోడలకూ మలుపులకూ ఎక్కువ విలువ. బండి దిగకముందే కళ్లు వాటిని వెతకాలి.

వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి అడిగాడు. "సార్, లోపల దెబ్బలు తగిలినోళ్లు ఒర్లుతుంటే గూడా ఆగాల్నా?"

క్లాసంతా నా వైపే చూసింది. అడగాల్సిన ప్రశ్న అదే. పేలకముందు ఆగాలి. పేలాక పోవాలి, కానీ తక్కువ మంది, తక్కువసేపు. బతికున్నవాళ్లను బయటికి మోసుకురావాలి. పోతున్నప్పుడు కళ్లు రెండో దానికోసం వెతుకుతుండాలి: ఎవరిదో తెలియని టిఫిన్ డబ్బా, ఆపి వదిలేసిన సైకిలు, చెత్తకుండీ. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కొద్ది నిమిషాల తేడాతో పేలి 42 మంది పోయారు. ఆ రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఇంకొకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు ఒకదాని వెనక ఒకటి పేలాయి. ఒకటి పేలిందంటే అయిపోయిందనుకోకూడదని మన ఊరివాళ్లకు ఎవరో వచ్చి చెప్పాలా?

"పది మంది ఉరికితే రెండోదానికి పది మంది దొరుకుతరు. ముగ్గురు పోండి, మిగిలినోళ్లు గోడ చాటున స్ట్రెచర్లతో ఉండండి" అన్నాను. అబ్బాయి కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టు లేదు. మనుషుల మీద ప్రేమ ఉన్నవాడికి ఇది అంత తొందరగా మింగుడుపడదు, పడకూడదు కూడా.

ఏప్రిల్ 18, శనివారం

క్లాసు లేదు. మధ్యాహ్నం గడ్డివాము, సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఏప్రిల్ 20, సోమవారం

ఇవాళ విమానం. నియమాలన్నీ తలకిందులవుతాయి. ఇక్కడ ఆలస్యమే చంపుతుంది.

ఎయిర్‌పోర్ట్ ఫైర్ సర్వీసుకు అంతర్జాతీయ నియమం ఉంది. పిలుపు అందిన 3 నిమిషాల్లోపు, కుదిరితే 2 నిమిషాల్లో, రన్‌వే ఏ చివరికైనా చేరి ఫోమ్ కొట్టడం మొదలుపెట్టాలి. ఇంత తొందర ఎందుకో తెలియాలంటే మాంచెస్టర్ చెప్పాలి. 1985 ఆగస్టు 22, 137 మందితో ఉన్న బోయింగ్ 737. టేకాఫ్‌కు పరుగెత్తుతుండగా ఎడమ ఇంజిన్‌లో ఒక భాగం పగిలి, దాని ముక్క రెక్కలోని ఇంధన ట్యాంకును చీల్చింది. విమానం నేల వదల్లేదు. రన్‌వే దిగి ఆగింది, ఫైర్ స్టేషన్ ఆ ఎయిర్‌పోర్టులోనే ఉంది. అయినా 55 మంది పోయారు, ఎక్కువ మంది పొగతో. సీట్ల గుడ్డకు తొందరగా అంటుకోని పొర, నేల మీద దారి చూపే దీపాలు తప్పనిసరి కావడానికి ఆ చావులూ ఊపునిచ్చాయి. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో ఎయిర్‌బస్ 350 మంటల్లో ఉండగా 379 మందీ దిగిపోయారు. ఆ వార్త చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మాంచెస్టర్‌వాళ్లే.

మన గురి విమానం కాదు, మనుషులు దిగే దారి. మొదటి ఫోమ్ విమానం ఒంటి మీద, తలుపుల పక్కన పడాలి. జారుడుబల్లను జెట్‌తో కొట్టొద్దు, దిగేవాళ్లు కొట్టుకుపోతారు. గాలికి ఎగువ నుంచి రావాలి. తిరుగుతున్న ఇంజిన్ ముందుకు పోవద్దు. బ్రేకులు కాలి ఎర్రబడి ఉంటే చక్రాల పక్కకు చేరొద్దు. పేలితే ముక్కలు ఇరుసు వరసలోనే ఎగురుతాయి కాబట్టి ముందు నుంచో వెనక నుంచో వెళ్లాలి.

పెద్ద విమానాలు దిగే తొమ్మిదో కేటగిరీ ఎయిర్‌పోర్టులో ఫోమ్ కోసం 24,300 లీటర్ల నీళ్లు, నిమిషానికి 9,000 లీటర్లు చిమ్మే శక్తి, కనీసం మూడు క్రాష్ ఫైర్ టెండర్లు ఉండాలి. మా స్టేషన్ బండి దాని ముందు ఎంత? కానీ విమానం ప్రహరీ లోపలే పడాలని లేదు. నిరుడు జూన్ 12న అహ్మదాబాద్‌లో లేచిన అర నిమిషానికే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది. 54 టన్నుల ఇంధనంతో ఉంది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లు 19 మంది పోయారు. అలాంటి చోట మొదట చేరేది మాలాంటి ఊరి బండ్లే. ఫోమ్ డబ్బాలు ఎక్కడున్నాయో చీకట్లో చెయ్యి పెట్టి తీయగలగాలని అందుకే పట్టుబడతాను.

ఏప్రిల్ 22, బుధవారం

రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నా. పాఠంలో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను.

2013 జులై 6, శాన్‌ఫ్రాన్సిస్కో. తోక తెగిన బోయింగ్ 777. లోపల ఉన్న 307 మందిలో పోయింది ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒక బడిపిల్ల రెక్క దగ్గర నేల మీద పడి ఉంది. ఫైర్‌వాళ్లకు కనపడింది. చనిపోయిందనుకున్నారు, వంగి నాడి చూడలేదు, గుర్తు పెట్టలేదు. పైన ఫోమ్ పరుచుకుంది. తర్వాత బండ్లు ఆమె మీదుగా పోయాయి. అప్పటికి ఆమె బతికే ఉందని కరోనర్ తేల్చాడు.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. మండుతున్న విమానంలో ఇరుక్కున్నవాళ్ల కోసం ఉరికారు. సమయానికే వచ్చారు. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. ఉరకడం, ఆగడం రెండు వేరు పాఠాలని విడదీసి చెప్పుకుంటూ వస్తున్నా. ఈ పిల్ల విషయంలో ఆ రెండూ ఒకటే పాఠం.

మూడేళ్ల తర్వాత దుబాయ్. తిరువనంతపురం నుంచి పోయిన విమానం. 300 మందీ బతికారు. విమానం కూలి ఆగిన తొమ్మిది నిమిషాలకు మధ్య ట్యాంకు పేలి ఒక ఫైర్‌మన్ పోయాడు. బాంబుల దగ్గర మనం వెతికే రెండో పేలుడు విమానంలోనే దాగి ఉంటుంది.

రెండూ చెప్పాలి. పిల్లలు భయపడతారని దాచిపెట్టడం వాళ్లకు మేలు కాదు.

ఏప్రిల్ 25, శనివారం

మంట ఆరాక ఏం చేయాలో చెప్పాను. బతికున్నవాడిని తీయడానికి తప్ప శవాన్ని కదపొద్దు. కదపాల్సి వస్తే ఎక్కడుందో గుర్తు పెట్టి, ఫొటో తీశాకే. జెట్‌తో నేల కడగొద్దు. పేలుడు చోట చిన్న వైరు ముక్క, సగం కాలిన బ్యాటరీ కూడా కేసును తేలుస్తాయి. విమానం కూలిన చోట నారింజ రంగు ఫ్లైట్ రికార్డర్లు కనపడితే కాపలా పెట్టాలి. కొత్త విమానాల్లో కార్బన్ ఫైబర్ ఎక్కువ. కాలితే సన్నని పోగులు గాల్లో లేస్తాయి, మంట ఆరిందని మాస్క్ తీయొద్దు.

క్లాసు అయ్యాక మొన్న ప్రశ్న అడిగిన అబ్బాయి వచ్చి, ఆ శాన్‌ఫ్రాన్సిస్కో పిల్ల సంగతి మళ్లీ చెప్పమన్నాడు. "నాడి చూడనీకి ఎంతసేపు పడ్తది సార్?" అన్నాడు. పది సెకన్లన్నాను.

ఏప్రిల్ 28, మంగళవారం

మాక్ డ్రిల్. పాత బస్సును విమానమనుకున్నాం. చెప్పకుండా రెండు ఏర్పాట్లు చేశాను. ఒక బొమ్మను బస్సు పక్కన పడుకోబెట్టి ఫోమ్ కప్పించాను. క్షతగాత్రులను కూర్చోబెట్టే చెట్టు కింద ఎవరిదీ కాని సంచి ఒకటి పెట్టించాను.

బొమ్మను ఆ అబ్బాయే కనిపెట్టాడు. బండి ముందు మోకాళ్లు వంచి, కర్రతో నురుగును తడుముతూ నడిచాడు. డ్రైవర్ ఆపరేటర్ అతని చెయ్యి చూసుకుంటూ అంగుళం అంగుళం ముందుకు తెచ్చాడు. చూసి కడుపు నిండింది.

సంచిని ఎవరూ చూడలేదు. స్ట్రెచర్లన్నీ దాని పక్కనే వరసగా దించారు, లీడింగ్ ఫైర్‌మన్ దాన్ని కాలితో పక్కకు నెట్టి వాటర్ క్యాన్ పెట్టాడు. గురువారం మళ్లీ చేయిస్తాను, చోటు మార్చి. స్ట్రెచర్ నేల మీద దించేముందు ఆ చుట్టుపక్కల చూసి 'క్లియర్' అని గట్టిగా అనే మనిషి ఒకడు ఉండాలి, వాడికి ఆ పని తప్ప ఇంకోటి చెప్పకూడదు. ఆ మనిషి ఎవరో డ్యూటీ షీట్‌లోనే రాయించాలి.